హైడ్రోజన్ లైన్ మూసుకుపోయిందా? ముందు కెల్విన్ చూడండి

ఎలక్ట్రాన్‌కు బరువైన బంధువు లాంటి కణం మ్యూఆన్. దాని సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లే. ఆలోపు చెదురుమదురుగా పరుగెత్తే మ్యూఆన్ల బీమ్‌ను దారికి తేవాలంటే ద్రవ హైడ్రోజన్ గుండా పంపడమే మంచి మార్గం. ఇంగ్లండ్‌లోని రూథర్‌ఫర్డ్ యాపిల్టన్ ప్రయోగశాలలో మైస్ (MICE) ప్రయోగం దీన్ని చేసి చూపింది. ఫలితాలు 2020లో వచ్చాయి. అందులోని అబ్జార్బర్‌లో, అంటే బీమ్ దూసుకెళ్లే ద్రవ హైడ్రోజన్ పాత్రలో, పట్టేది 22 లీటర్లే, కానీ ఇలాంటి పాత్రలు పెట్టే తలనొప్పి అంతా ఇంతా కాదు.

గ్యాస్ ఇస్తున్నా లెవెల్ పెరగడం లేదు

లైన్‌లో ఏదో గడ్డకట్టింది. ఏది గడ్డకట్టిందన్నదే అసలు ప్రశ్న. హైడ్రోజన్ సుమారు 20 కెల్విన్ (మైనస్ 253 సెల్సియస్) దగ్గర మరుగుతుంది, 14 దగ్గర గడ్డకడుతుంది. మధ్యలో ఉన్నది ఆరు డిగ్రీలే. 4 కెల్విన్ దాకా దిగగల క్రయోకూలర్‌ను (చల్లబరిచే యంత్రాన్ని) హీటర్‌తో అదుపు చేయకుండా వదిలేస్తే ఆ గీత దాటేస్తుంది.

అడ్డుపడిన చోట 14 కన్నా తక్కువ చూపిస్తుంటే అది గడ్డకట్టిన హైడ్రోజనే. హీటర్‌ను మెల్లగా పెంచండి, గ్యాస్ బయటికి పోయే దారి ఉన్న వైపు నుంచే వేడి ఇవ్వండి. కరిగేటప్పుడు అది ఉబ్బుతుంది. మధ్యలో వేడి చేస్తే పైపు పగలొచ్చు. ఒత్తిడి పెంచి తోసేద్దామని మాత్రం చూడొద్దు.

17, 18 చూపిస్తున్నా దారి తెరుచుకోలేదా? అయితే అది గాలి అయ్యుండొచ్చు. నైట్రోజన్ 63 దగ్గర, ఆక్సిజన్ 54 దగ్గరే గడ్డకడతాయి. ద్రవ హైడ్రోజన్‌లో ఘన ఆక్సిజన్ ఉందంటే పేలుడు పదార్థం ఉన్నట్టే. ఇక్కడ టెన్షన్ పడటం న్యాయమే. నింపడం ఆపి, హైడ్రోజన్‌ను సురక్షితంగా ఖాళీ చేసి, మొత్తాన్ని గది ఉష్ణోగ్రతకు తెచ్చి, హీలియంతో పదేపదే కడగాలి. నైట్రోజన్‌తో కడిగి అలాగే చల్లబరిస్తే మళ్లీ మొదటికే వస్తారు. తర్వాత లీక్ వెతకండి. లోపలి ఒత్తిడిని ఎప్పుడూ వాతావరణ పీడనం కంటే కాస్త ఎక్కువే ఉంచితే గాలి లోపలికి దూరదు.

నిండాక కూడా హీటర్ పవర్ రోజుకింత మారుతోంది

కంగారు వద్దు. హైడ్రోజన్ అణువుకు కేంద్రకాల స్పిన్‌ను బట్టి ఆర్థో, పారా అని రెండు రూపాలు. మామూలు హైడ్రోజన్‌లో నాలుగింట మూడొంతులు ఆర్థో రూపం. చలిలో అది రోజుల తరబడి పారాగా మారుతూ వేడి వదులుతుంది. 22 లీటర్లకు మొదట్లో అది సుమారు 2 వాట్లు. మార్పు తగ్గేకొద్దీ ఆ వేడీ తగ్గుతుంది, హీటర్ అంత మేర ఎక్కువ పనిచేస్తుంది.

బయటి గోడకు చెమట, పాత్ర చుట్టూ ఉన్న వ్యాక్యూమ్ పడిపోతోంది

బీమ్ పాత్రలోకి వెళ్లి వచ్చే అల్యూమినియం కిటికీలనే ముందు అనుమానించండి. బీమ్ చెదరకూడదని మైస్‌లో వాటిని మధ్యలో 180 మైక్రాన్ల మందానికి చెక్కారు. కారే హైడ్రోజన్ 20 కెల్విన్ గోడలకు అంటుకోదు కాబట్టి వ్యాక్యూమ్ తనంతట తాను కోలుకోదు. బీమ్ ఆపి, ఖాళీ చేసి, హీలియం లీక్ పరీక్ష చేయాల్సిందే. ఖాళీ చేసేటప్పుడు ఆ 22 లీటర్లూ సుమారు 18,000 లీటర్ల గ్యాస్ అవుతుందని గుర్తుంచుకుని, ఒత్తిడి పెరిగితే గ్యాస్‌ను బయటికి వదిలే రిలీఫ్ వాల్వ్ దారి తెరిచే ఉందో లేదో ముందే చూసుకోండి.