పాత స్లాషర్ సిరీస్‌లో హంతకుడిని మళ్లీ కొత్తగా పుట్టించాలంటే

స్లాషర్ అంటే ముసుగేసుకున్న హంతకుడు ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోయే భయం సినిమా. అలాంటిదానికి మూడో భాగమో నాలుగో భాగమో రాయడానికి కూర్చున్నారంటే మీ చేతిలో ఇప్పటికే ఒక హంతకుడున్నాడు. వాడికో ముసుగుంది, ఓ కత్తుంది, చూసేవాళ్లకు వాడు బాగా అలవాటైపోయాడు. ఆ అలవాటే సమస్య. మొదటి భాగంలో వాడు తలుపు వెనక నిలబడితే ఊపిరి బిగబట్టిన జనం ఇప్పుడు వాడొస్తే ఈలలు వేస్తారు. తిరుపతిలో మేం నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఇలాంటి షార్ట్ ఫిల్మ్స్ రెండు తీశాం, మూడోది రాస్తున్నాం. ఇప్పటిదాకా తెలిసొచ్చింది చెబుతున్నాను.

ముందు పాత భాగాలన్నీ ఒకే రోజు వరసపెట్టి చూడండి. కథ పట్టించుకోకండి. వాడు ఎలా నడుస్తాడు, ఎంతసేపు కదలకుండా నిలబడతాడు, వాడు రాబోయే ముందు ఏం వినిపిస్తుంది, ఇవే నోట్‌బుక్‌లో రాసుకోండి. అందులోంచి ఒకటి, మహా అయితే రెండు ఉంచుకోండి, వాటి జోలికి అస్సలు పోవద్దు. మిగతావన్నీ మార్చేయొచ్చు.

ఎంత మార్చొచ్చో తెలియాలంటే జేసన్ అనే హంతకుడితో పేరుపడ్డ హాలీవుడ్ సిరీస్ 'ఫ్రైడే ది థర్టీన్త్' చూడాలి. 1980లో వచ్చిన మొదటి భాగంలో చంపేది జేసన్ కాదు, వాళ్లమ్మ. 1981లో జేసన్ వచ్చాడు, తలకు గుడ్డ సంచి తొడుక్కుని. అందరికీ గుర్తున్న ఆ హాకీ మాస్క్ 1982 నాటి మూడో భాగంలో గానీ రాలేదు. 1986లో వచ్చిన ఆరో భాగంలోనైతే సమాధి తవ్వినప్పుడు పిడుగు పడి శవమే లేచి నిలబడింది! ఇన్ని మార్పులకూ జనం ఒప్పుకున్నారు. కానీ 1985 నాటి ఐదో భాగంలో జేసన్ వేషంలో వేరేవాడెవడో చంపాడని చివర్లో చెప్పేసరికి చాలామంది అభిమానులకు మింగుడు పడలేదు. నా లెక్కలో కారణం ఒకటే. మనిషిని మార్చడం తప్పు కాదు, ఆ మార్పును చివరిదాకా దాచిపెట్టి చూసేవాళ్లను మోసం చేయడం తప్పు. కొత్తవాడు వచ్చాడని సగం సినిమాకల్లా తెలియనివ్వండి. ఆ తర్వాత వాడేం చేస్తాడో తెలియకపోవడంలోనే భయం ఉంటుంది.

ఇంకో సంగతి, వాడికి గతం రాయాలనే కోరికను అదుపులో పెట్టుకోండి. 1978 నాటి హాలీవుడ్ స్లాషర్ 'హాలోవీన్'లో హంతకుడు మైకేల్ మైయర్స్ ఎందుకు చంపుతున్నాడో ఎవరికీ తెలియదు, అందుకే అంత టెన్షన్. 1981లో రెండో భాగం వచ్చి హీరోయిన్ వాడి చెల్లెలని చెప్పింది. 2018లో తీసినవాళ్లు మధ్యలో వచ్చిన భాగాలన్నీ పక్కన పెట్టి, ఆ చెల్లెలి బంధాన్నీ తీసేసి, నేరుగా 1978 నుంచి కథ అందుకున్నారు. కారణం పోగానే భయం తిరిగొచ్చింది. మేం మా రెండో భాగంలో ఇదే పొరపాటు చేశాం, హంతకుడి చిన్నతనం మీద ఆరు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ పెట్టాం. మేడ మీద దుప్పటి కట్టి చూపించినప్పుడు పక్కింటి అత్త కళ్లు తుడుచుకుంటూ "పాపంరా అబ్బోడు, ఎన్ని అగచాట్లు పడినాడో" అంది. ఆ మాటతో మా వాడు హంతకుడిగా పనికిరాకుండా పోయాడు.

రూపం మారినా లోపలున్నది ఒకరేనని ఎలా నమ్మించాలో మన ఊరివాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. తిరుపతి గంగమ్మ జాతర చూస్తూ పెరిగాం కదా. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాడు భయపడి దాక్కుంటే అమ్మ రోజుకో వేషంలో వాడిని వెతుకుతుంది. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్లటి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. చివరికి దొర వేషంలో వెళ్తే వాడు బయటికొచ్చాడు, తల తెగింది. రంగు, బట్ట, నడక అన్నీ మారినా ఆ వెతుకులాట మాత్రం ఆగదు. మీ హంతకుడిక్కూడా ఆగని పని ఒకటి ఉండాలి. అయితే అమ్మవారి వేషాలను మాత్రం హంతకుడికి వేయకండి. అక్కడ వేషం కట్టింది చెడును చంపడానికి, దాన్ని తలకిందులు చేస్తే మనవాళ్ల మనసు నొచ్చుకుంటుంది, నాకూ నచ్చదు.

ముసుగుకు డబ్బు పోయక్కర్లేదు. 'హాలోవీన్' మైకేల్ మాస్క్ అసలు 'స్టార్ ట్రెక్' అనే టీవీ సీరియల్‌లోని కెప్టెన్ కిర్క్ ముఖంతో అంగట్లో అమ్మిన రబ్బరు మాస్క్, రెండు డాలర్లు కూడా కాలేదు. కనుబొమలు పీకేసి, కళ్ల కంతలు పెద్దవి చేసి, తెల్ల రంగు కొట్టారు, అంతే. మాది బెల్లం గోతం. మొదటి రెండు భాగాల్లో రెండు కంతలుండేవి. ఈసారి ఎడమ కంతను దబ్బనంతో, నల్ల పురికొసతో అడ్డదిడ్డంగా కుట్టేశాం. ఫోన్ టార్చ్ పక్కనుంచి కొడితే ఆ కుట్ల నీడ చెంప దాకా పాకుతుంది, మిగిలిన కన్ను ఎటు చూస్తోందో అర్థం కాదు. ఒక్క కన్నే కాబట్టి వాడు ఇప్పుడు తల పక్కకు వంచి చూస్తాడు, దాంతో నడకే మారిపోయింది. చిన్న మార్పు చేసి, అది ఒంటిని ఎలా మారుస్తుందో నటుడినే వెతుక్కోనివ్వండి.

మేం ఉంచుకున్నది మాత్రం బెల్లం వాసన. చిత్తూరు వైపు గానుగ దగ్గర చెరకు రసం కాగేటప్పుడు ఊరంతా వచ్చే ఆ తియ్యటి వాసన వాడికంటే ముందొస్తుంది. తెర మీద వాసన చూపించలేం కాబట్టి, అన్నం తింటున్న పిల్ల ముద్ద నోటి దగ్గరే ఆపి "ఎవురన్నా బెల్లం కాస్తా ఉండారా?" అని అడుగుతుంది. అంతకుమించి ఏమీ చెప్పం.

షూటింగ్‌కు శేషాచలం అడవిలోకి అటవీశాఖ పర్మిషన్ లేకుండా పోవద్దు, అక్కడ చిరుతలు తిరుగుతాయి. తిరుమల కొండ మీదా, గుళ్ల దగ్గరా ఇలాంటివి అసలే వద్దు. తెలిసినవాళ్ల మామిడి తోపు చాలు. రాత్రిపూట అయితే ముందే స్టేషన్‌లో చెప్పండి, కత్తి అట్టదైనా దూరం నుంచి నిజమైనదిలాగే కనిపిస్తుంది.

రఫ్ కట్, అంటే మొదటి విడత ఎడిటింగ్, అయ్యాక ఇద్దరికి చూపించండి, పాత భాగాలు చూసినవాళ్లు ఒకరు, చూడనివాళ్లు ఒకరు. మీరు తెర వైపు కాకుండా వాళ్ల వైపు తిరిగి కూర్చోండి. మా కథలో పిల్ల ముద్ద ఆపినట్టు, మీ కథలో వాడొస్తున్నాడని తెలిసే చోట ఇద్దరూ కాళ్లు పైకి లాక్కోవాలి. ఒకరే లాక్కుంటే స్క్రిప్టు మళ్లీ తెరవండి.