తప్పెటగుళ్ళ డీవీడీని ఎంపీ4లోకి మార్చుకోవడం

శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలా ఇళ్ళలో బీరువా అడుగున పెళ్ళి డీవీడీతో పాటు సిరిమాను సంబరానిదో, తప్పెటగుళ్ళ ఆటదో ఒక డిస్క్ ఉంటుంది. పెళ్ళి వీడియో ఎలా మార్చినా చూడబుద్ధవుతుంది. తప్పెటగుళ్ళు అలా కాదు. ఆ గెంతులు, గిరకలు సరిగ్గా రావాలంటే కాస్త శ్రద్ధ కావాలి.

డిస్క్ నుంచి నేరుగా మార్చకండి. గీత పడిన చోట డ్రైవ్ ఆగిపోతే చేసిన పనంతా వృథా. మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవొద్దు. తర్వాత ‘వీడియో టీఎస్’ ఫోల్డర్ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. 5 జీబీ ఖాళీ ఉంటే మామూలు డిస్క్ పడుతుంది. కాపీ మధ్యలో ఆగిపోతే ఇంకో కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి చూడండి, ఒకటి చదవలేనిది మరొకటి చదవడం మామూలే.

లోపల ఒక్కోటి సుమారు 1 జీబీ ఉండే వీఓబీ ఫైళ్ళు కనిపిస్తాయి. పేరు చివర ఎంపీ4 అని రాస్తే ఫార్మాట్ మారదు. విడివిడిగా మారిస్తే ముక్క మారిన చోటల్లా పాట తెగుతుంది. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రామ్‌లో ఫోల్డర్‌నే తెరిచి, అన్నిటికన్నా పొడవైన టైటిల్ ఎంచుకోండి.

ఇక అసలు సంగతి. మన డీవీడీలు పాల్ పద్ధతివి: 720×576, సెకనుకు 25 ఫ్రేములు. కెమెరా టేపు నుంచి వచ్చిన వాటిలో ఒక్కో ఫ్రేములో రెండు సగం బొమ్మలుంటాయి, సెకనులో 50వ వంతు తేడాతో తీసినవి. వీఎల్‌సీ ప్లేయర్‌లో డీఇంటర్లేస్ (ఆ సగం బొమ్మల గీతలు కనబడకుండా చేసే సదుపాయం) ఆపేసి, ఆటగాడు గెంతే చోట పాజ్ చేయండి. చేతుల అంచులు దువ్వెన పళ్ళలా కనిపిస్తే డిస్క్ ఆ రకానిదే. మామూలు ప్రీసెట్ ఆ రెంటినీ కలిపి ఒక్కటి చేస్తుంది, కదలికలో సగం అక్కడే పోతుంది. అందుకని ఫిల్టర్స్‌లో డిటెక్షన్ ఆఫ్ చేసి, డీఇంటర్లేస్‌కి యాడిఫ్, దాని ప్రీసెట్‌గా బాబ్ (ఒక్కో సగం బొమ్మనూ ఒక్కో పూర్తి ఫ్రేముగా చేసేది) పెట్టండి. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ 50, కాన్‌స్టంట్ అని ఇవ్వండి. 25 దగ్గరే వదిలేస్తే బాబ్ పెట్టీ లాభం లేదు. దువ్వెన పళ్ళు కనబడకపోతే ఈ ఫిల్టర్ అసలు వద్దు.

ఎన్‌కోడర్ (వీడియోను కుదించే పద్ధతి) హెచ్.264 చాలు. హెచ్.265తో సైజు తగ్గుతుంది గానీ పాత టీవీలు ఆడించలేవు. క్వాలిటీ ఆర్ఎఫ్ 20, విజయనగరం మూడులాంతర్ల దగ్గరి జనసందోహం లాంటి దృశ్యాలుంటే 18. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. ధ్వనికి ఏఏసీ 192 ఇవ్వండి. తక్కువ రేటులో మొదట పాడయ్యేది గజ్జెల మోతే. టీవీలో మనుషులు సన్నగా సాగినట్టు కనిపిస్తే డైమెన్షన్స్‌లో అనామార్ఫిక్ (బొమ్మను ఆడించేటప్పుడు సాగదీసే పద్ధతి) తీసేసి 768×576 పెట్టండి.

మొత్తం మార్చే ముందు ఆట జోరుగా ఉన్న 60 సెకన్లు మాత్రం మార్చి, ఫోన్‌లోనూ టీవీలోనూ చూడండి.

వీసీడీ అయితే ‘ఎంపెగావ్’ (MPEGAV) ఫోల్డర్‌లోని డాట్ (DAT) ఫైల్ తీసుకోండి. అది 352×288 మాత్రమే, సైజు పెంచితే మసక పెరుగుతుందే తప్ప స్పష్టత రాదు. బాబ్ అవసరం లేదు.

కాపీ చేసుకున్న ఫోల్డర్‌ని మాత్రం చెరపకుండా వేరే హార్డ్‌డిస్క్‌లో ఉంచండి. మళ్ళీ మార్చాల్సి వస్తే ఎంపీ4 నుంచి కాదు, దాని నుంచే మార్చాలి.