గేమ్‌లో మీ క్యారెక్టర్‌ని కాపీరైట్ గొడవ లేకుండా ముస్తాబు చేయడం ఎలా?

పోయిన వేసవి సెలవులకు గాజువాక నుంచి మా అక్క కొడుకు ఎంవీపీ కాలనీలోని మా ఇంటికి వచ్చాడు. ఓ ఆన్‌లైన్ గేమ్‌లో తన క్యారెక్టర్ కోసం సొంతంగా టీషర్టు గీసి ఎక్కించాడు. ఎర్ర రంగు, ఛాతీ మీద పేరున్న షూ కంపెనీ గుర్తు. పొద్దున్న లేచి చూసేసరికి టీషర్టు మాయం. ఖాతాకి ఒక హెచ్చరిక.

"ఏటి మావయ్యా ఇది? గుర్తుని తిరగేసి పెట్టాను, రంగు కూడా మార్చాను కదా!"

"తిరగేసినంత మాత్రాన ఎవరూ గుర్తుపట్టరనుకున్నావురా?"

ఆ రోజు వాడితో కూర్చుని చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు, మీరు చేసేది ఎంచుకోవడమా, ఎక్కించడమా అన్నది తేల్చుకోండి. గేమ్‌లోనే ఉన్న జుట్లు, ముక్కులు, చొక్కాల్లోంచి ఎంచుకుంటే మీకు దాదాపు ఇబ్బంది ఉండదు. ఆ బొమ్మలు కంపెనీవి, ఆ గేమ్ వరకు వాడుకోమని కంపెనీయే అనుమతిచ్చింది. అయితే వాటితోనే అచ్చం ఒక కామిక్ హీరోని తయారుచేస్తే? 2004లో కామిక్స్ కంపెనీ మార్వెల్ ఇదే విషయం మీద సిటీ ఆఫ్ హీరోస్ గేమ్ కంపెనీల మీద అమెరికాలో దావా వేసింది, ఆటగాళ్లు మార్వెల్ హీరోలను తయారుచేసుకుంటున్నారని. తమాషా ఏమిటంటే, సాక్ష్యంగా చూపిన క్యారెక్టర్లలో కొన్నింటిని మార్వెల్ తరఫు మనుషులే తయారుచేశారని తేలి, కోర్టు వాటిని పక్కన పెట్టింది. 2005లో రాజీ కుదిరింది. ఆ కేసులో ఇరుక్కున్నది కంపెనీలు, ఆటగాళ్లు కాదు. అలాగని ధీమాగా ఉండొద్దు, మీ క్యారెక్టర్‌ని తీసేయడానికి కంపెనీకి కోర్టు అక్కర్లేదు. ఖాతా తెరిచేటప్పుడు మనం చదవకుండా ఒప్పుకున్న నిబంధనలు చాలు.

బయటి నుంచి బొమ్మ తెచ్చి ఎక్కిస్తున్నారా? అసలు జాగ్రత్త అక్కడ మొదలవుతుంది.

బొమ్మని పొరలుగా విడదీయండి. డ్రాయింగ్ యాప్‌లో లేయర్లు ఒక్కొక్కటే ఆపి చూస్తూ, ప్రతిదాని పక్కన అది ఎక్కడిదో కాగితం మీద రాయండి. మావాడి టీషర్టులో నాలుగు లేయర్లు తేలాయి. ఎర్ర రంగు వాడిదే. చేతుల మీద గీతలూ వాడివే. మెడ చుట్టూ డిజైన్ గూగుల్‌లో దొరికింది. ఇక ఆ షూ గుర్తు. చివరి రెండూ పోవాలి. గుర్తుది ట్రేడ్‌మార్క్ సమస్య, డిజైన్‌ది కాపీరైట్ సమస్య. రెండూ వేర్వేరు చట్టాలు, కానీ టీషర్టు ఎగిరిపోవడానికి ఏ ఒక్కటైనా సరిపోతుంది.

'ముప్పై శాతం మారిస్తే మనదే' అని పిల్లలందరూ గట్టిగా నమ్మే లెక్క ఒకటుంది. అది ఏ చట్టంలోనూ లేదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు. ఆలోచన మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన తీరు మీదే ఉంటుంది. రెండూ చూసినవాడికి ఇది దాని కాపీయే అని స్పష్టంగా అనిపిస్తే తప్పు. ముసుగు, వెనక ఎగిరే గుడ్డ, మెలితిప్పిన మీసం, మడిచి కట్టిన లుంగీ, ఇవి ఎవరి సొత్తూ కాదు. ఒక ఫలానా హీరో ముసుగు, రంగులు, ఛాతీ మీది గుర్తు అన్నీ కలిపి దించేస్తేనే చిక్కు.

ఖాళీ అయిన మెడ దగ్గర ఏం వేయాలని వాడు దిగులుపడ్డాడు. షోకేస్‌లోంచి ఒక ఏటికొప్పాక బొమ్మ తీసి వాడి ముందు పెట్టాను. లక్క పట్టించిన అంకుడు కర్ర, దాని చుట్టూ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కట్లు. దాన్ని చూస్తూ వాడే మూడు కట్లు గీశాడు. అలా రంగుల కట్లు వేయడం తరాల నాటి పద్ధతి. ఒక కళాకారుడు కొత్తగా చేసిన బొమ్మని ఉన్నదున్నట్టు దించడం మాత్రం వేరే మాట, అడగకుండా చేయకూడదు.

వైజాగ్ పిల్లలకు ఇంకో సరదా ఉంది. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూసి రాగానే క్యారెక్టర్‌కి నేవీ డ్రెస్సు వేస్తామంటారు. తెల్ల చొక్కా గీసుకోనివ్వండి. మూడు సింహాల గుర్తు మాత్రం వద్దు, దాని వాడకానికి 2005లో ప్రత్యేకంగా చట్టమే ఉంది. బీచ్ రోడ్డు మీద శాశ్వతంగా నిలబెట్టిన విగ్రహాన్ని చూసి బొమ్మ గీయాలంటే మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ఆ సెక్షన్ చెప్పేది చిత్రాలు, ఫోటోల సంగతి. త్రీడీ మోడల్‌కీ అదే వర్తిస్తుందని నేనైతే భరోసా ఇవ్వను.

సినిమా హీరో ముఖం పెట్టకండి. అనిల్ కపూర్ పేరు, ముఖం, గొంతు అనుమతి లేకుండా వాడొద్దని 2023లో ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. మైన్‌క్రాఫ్ట్ గేమ్‌లో ముఖమంతా కలిపి 8×8 చుక్కలే కాబట్టి ఎవరిదో తెలియదంటారా? పేరు కూడా హీరోదే పెడితే తెలిసిపోతుంది.

స్నేహితుడు గీసిచ్చాడా? హక్కు మీకు రావాలంటే రాసి సంతకం పెట్టించుకోవాలి. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం 5 ఏళ్లే అనుకుంటుంది. వాట్సాప్‌లో 'వాడుకో మామా' అన్న మాట సంతకం కాదు. ఉచిత బొమ్మలకైతే లైసెన్స్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. కొన్నింటికి గీసినవాళ్ల పేరు వేయాలి, కొన్నింటిని అమ్మకూడదు.

అమ్మకం దగ్గరే అసలు గీత. ఇంట్లో సరదాగా గీసుకున్నదానికి సొంత వాడకం అని చెప్పుకోవచ్చు. అదే బొమ్మని గేమ్ మార్కెట్లో పెట్టి డబ్బు తీసుకుంటే ఆ మాట నిలవదు. తెలిసి తెలిసి కాపీరైట్ ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా దాకా ఉంది. టీషర్టు గీసిన పిల్లాడి ఇంటికి పోలీసులు వస్తారని కాదు, అంత టెన్షన్ అక్కర్లేదు. కానీ ఖాతా పోతే అందులో కొన్నవన్నీ పోతాయి.

హెచ్చరిక వస్తే అదే బొమ్మని పేరు మార్చి మళ్లీ ఎక్కించకండి. మావాడు సరిగ్గా అదే చేయబోయాడు. తీసేసింది కంపెనీ తనంతట తానా, లేక హక్కుదారు ఫిర్యాదు మీదా చూడండి. బొమ్మ నిజంగా మీదే అయితే లేయర్లున్న ఫైలు, గీసిన తేదీలు జతచేసి అప్పీలు పెట్టండి. హక్కుదారు ఫిర్యాదు తప్పని చెప్తూ అమెరికా చట్టం కింద పంపే ఎదురు నోటీసులో అబద్ధం చెప్తే అదో కొత్త నేరం, కాబట్టి అనుమానం ఉంటే పంపొద్దు.

సాయంత్రానికి టీషర్టు మళ్లీ ఎక్కింది. పేరు 'ఏటికొప్పాక షర్ట్' అని కొట్టబోయాడు. ఆ బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది, ఆ పేరు ఆ ఊరి బొమ్మలకే ఉండనివ్వమన్నాను. కాసేపు గొణిగి, 'మూడు కట్లు' అని పెట్టాడు.