కారు చక్రాల నట్లకు టార్క్ రెంచ్: ఏది కొనాలి, ఎలా వాడాలి

దారిలో పంక్చరైంది, స్టెప్నీ దించాను, తీరా చూస్తే నట్లు కదలవు. అంతకు నెల ముందు టైర్లు మార్చిన కుర్రాడు నట్లు బిగించే గన్ పెట్టి బర్రుమని బిగిస్తుంటే నేను పక్కనే నిలబడి, బాగా గట్టిగా ఉన్నాయిలే అని సంతోషపడ్డాను కూడా. చివరికి స్పానర్ మీదెక్కి తొక్కితే నాలుగు వచ్చాయి, ఐదోది స్టడ్డుతో, అంటే అది ఎక్కే బోల్టుతో సహా విరిగి చేతికొచ్చింది. నట్టును ఎంత బిగించాలో అంతే బిగించడానికి పనికొచ్చే టార్క్ రెంచ్ కొన్నది ఆ తర్వాతే.

అసలు "గట్టిగా" అంటే ఎంత? 70 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల స్పానర్ చివర ఎక్కి నిలబడితే నట్టు మీద దాదాపు 200 న్యూటన్ మీటర్లు పడుతుంది (తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, కొలిచేది ఈ యూనిట్‌లోనే). మామూలు కార్లకు కావలసింది ఎక్కువగా 80 నుంచి 140 మధ్యలోనే, టయోటాల్లో చాలావాటికి 103, హోండాల్లో చాలావాటికి 108. కాలితో తొక్కి బిగించేవాళ్లు ఇంచుమించు రెట్టింపు బిగిస్తున్నారన్నమాట. నట్టు బిగిస్తే బోల్టు కంటికి కనబడనంత సాగుతుంది, ఆ సాగిన బిగువే చక్రాన్ని హబ్‌కు, అంటే అది ఆనుకునే ఇరుసు చివరి భాగానికి, అదిమి పట్టి ఉంచుతుంది. మరీ సాగదీస్తే అది మళ్లీ మామూలుగా అవదు, తక్కువ బిగిస్తే బండి నడిచేకొద్దీ వదులవుతుంది. ఒక్కో నట్టు ఒక్కోలా ఉంటే బ్రేక్ డిస్క్ సమంగా కూర్చోక, బ్రేకు తొక్కినప్పుడు పెడల్ వణికే అవకాశం ఉంది.

మీ కారు నట్లకు కావలసిన అంకె ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది, పక్కింటాయన కారుది మీకు పనికిరాదు. అంకెతోపాటు యూనిట్ కూడా చూడండి. ఒక పౌండ్-ఫుట్ అంటే 1.356 న్యూటన్ మీటర్లు. 80 పౌండ్-ఫుట్ అని రాసి ఉన్నచోట మీరు 80 న్యూటన్ మీటర్లు పెట్టారంటే కావలసినదాంట్లో నాలుగో వంతు ఎగిరిపోయినట్టే.

ఇక కొనడం. ముల్లు ఉన్న బీమ్ రకం మొండిది, పాడవడానికి అందులో ఏమీ లేదు, కానీ చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఒక చేత్తో లాగుతూ ఆ ముల్లును సూటిగా చూడడం నా వల్ల కాలేదు. డిజిటల్ బాగానే ఉంటుంది, బ్యాటరీ అయిపోనంతవరకు. నా ఓటు మాత్రం మనం పెట్టిన అంకె రాగానే టక్‌మనే క్లిక్ రకానికే. డ్రైవ్, అంటే సాకెట్ తొడిగే చదరపు మొన, అర అంగుళం, రేంజ్ 40 నుంచి 200 దాకా ఉంటే చాలు. ఈ రెంచ్‌లను స్కేలు అడుగున నమ్మలేం, గరిష్ఠ అంకెలో ఐదో వంతు కంటే పైనే వాడాలి, అందుకే ఇంజిన్‌లో చిన్న బోల్టులకూ చక్రాలకూ ఒకటే సరిపోతుందిలే అనుకోవద్దు. ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం అని రాసి ఉంటే 108 పెట్టినప్పుడు 104 నుంచి 112 లోపు వస్తుంది, చక్రాలకు అది చాలు. పొడవు కూడా చూసుకోండి: 45 సెంటీమీటర్ల రెంచ్‌తో 108 రావాలంటే 24 కిలోల బరువు ఎత్తినంత లాగాలి, 60 సెంటీమీటర్లదైతే 18 చాలు. సాకెట్ మీ నట్టుకు సరిగ్గా సరిపోయేది, సాధారణంగా 17, 19 లేదా 21 మిల్లీమీటర్లది, లోపల ఆరు మూలలున్నదే తీసుకోండి. పన్నెండు మూలలది నట్టు అంచుల్ని అరగదీస్తుంది.

బిగించే ముందు వైర్ బ్రష్‌తో మరలూ, చక్రం ఆనుకునే హబ్ ముఖమూ శుభ్రం చేయండి. తుప్పు పెళ్లలు మధ్యలో ఉండిపోతే ఈరోజు బిగువుగా ఉన్నది రేపు అవి నలిగి వదులవుతుంది. మాన్యువల్ చెప్పకపోతే మరలకు నూనె, గ్రీజు పూయొద్దు. మనం పెట్టే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, బోల్టును సాగదీసేది మిగిలిన కాస్తే. నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర బోల్టు చాలా ఎక్కువ సాగిపోతుంది. రెంచ్‌కు ఇదేమీ తెలియదు, మామూలుగానే టక్‌మంటుంది.

నట్లన్నీ ముందు చేత్తోనే ఎక్కించండి. నాలుగైదు చుట్లు వేళ్లతో తిరగకపోతే మర అడ్డంగా ఎక్కుతోందని అర్థం, తీసి మళ్లీ పెట్టండి. చక్రం గాల్లో ఉండగానే స్పానర్‌తో ఎదురెదురుగా కాస్త బిగించి, టైరు నేలకు తగిలి తిరగకుండా ఆగేంతవరకు జాకీ దించండి. ఇప్పుడు రెంచ్ సెట్ చేయాలి. నాదైతే అడుగున లాక్ వదులు చేసి, పిడి తిప్పి దాని అంచును 100 గీత దగ్గరికి తెచ్చి, పిడి మీది 8 మధ్యగీతకు ఎదురుగా వచ్చాక లాక్ వేస్తే 108. పిడి మధ్యలో పట్టుకుని నిదానంగా, ఒకే ఊపులో లాగండి. పొడవు కోసం పైపు తొడగొద్దు. టక్‌మనగానే ఆపేయండి. సరిగ్గా పడిందో లేదోనని ఇంకో రెండుసార్లు టక్‌మనిపించడం చాలామందికి అలవాటు, కానీ ఆ ప్రతిసారీ నట్టు మరికాస్త బిగుస్తుంది. ఐదు నట్లుంటే ఒకటి వదిలి ఒకటి, నక్షత్రం గీసినట్టు వెళ్లండి.

మొదటిసారి బిగిస్తుంటే లాగీ లాగగానే నట్టు కదలకుండానే టక్‌మందా? అది ముందే ఆ అంకెకో, అంతకంటే ఎక్కువకో బిగిసి ఉంది, వదులు చేసి మొదటినుంచి బిగించాలి. గన్‌తో బిగించేసి, ఆ తర్వాత మన కళ్ల ముందు టార్క్ రెంచ్‌తో ఒకసారి టక్‌మనిపించేవాళ్ల తంతు కూడా ఇదే. నట్టు 300 మీద ఉన్నా ఆ రెంచ్ హాయిగా టక్‌మంటుంది. నేనైతే వదులు చేసి చేత్తో బిగించమంటాను, వాళ్ల మొహం ఎలా మారినా సరే.

50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాలు చల్లబడ్డప్పుడు అదే అంకె మీద మరోసారి చూడండి, ముఖ్యంగా అల్లాయ్ వీల్స్ అయితే. కాస్త తిరిగితే ఫర్వాలేదు. పావు చుట్టు తిరిగిందంటే మాత్రం చక్రం విప్పి లోపల చూడాల్సిందే.

పని అయ్యాక స్ప్రింగ్ మీద భారం లేకుండా స్కేలులో అన్నిటికంటే తక్కువ అంకెకు దించండి, దానికంటే కిందికి తిప్పొద్దు. కింద పడేస్తే మళ్లీ కాలిబ్రేషన్ (అంకెలు సరిచూడడం) చేయించేదాకా దాని మాట నమ్మకండి. నాది 40 మీద పెట్టి డబ్బాలో పడుకోబెడతాను. నట్లు ఊడదీయడానికి దాన్ని అసలు ముట్టుకోను, ఆ మొరటు పనికి నేను తొక్కితే వంగిన ఆ పాత స్పానర్ ఉంది.