కథ ముందు, ఒత్తులు తర్వాత

డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడంలో ఇబ్బంది ఉన్న పిల్లల చేత కథ రాయించాలంటే ముందు నోట్సు మూసేయండి. తిరుపతిలో ఇంటి దగ్గర ట్యూషన్ చెబుతూ నేను నేర్చుకున్న మొదటి సంగతి ఇదే.

పోయినేడాది గంగమ్మ జాతర గురించి రాయమంటే, నాలుగో తరగతి బాబు అరగంట కూర్చుని ‘గగమ జాతర’ అని రాశాడు, సున్నా పెట్టాల్సిన చోట రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం చిరిగిపోయింది. నోట్సు పక్కన పెట్టించి, మీ ఇంట్లో ఎవరైనా వేషం కట్టారా నాయనా అని అడిగా. ఇక ఆగలేదు. వాళ్ల మామ ఒళ్లంతా కుంకుమ పూసుకుని బండ వేషంలో వచ్చాడంట, అవ్వ కూడా గుర్తుపట్టలేదంట, ‘మొఖం మామ మాదిరి లేదు, కాళ్లు మాత్రం మామవే’ అన్నాడు. అంత మంచి వాక్యం నాకు తట్టేది కాదు.

ఈ పిల్లలకు తెలివి తక్కువ కాదు, బద్ధకం అసలే కాదు. విన్న శబ్దాన్ని అక్షరంతో జత చేయడానికి వాళ్ల మెదడు చాలా కష్టపడాలి. తెలుగులో గుడి పైన, కొమ్ము పక్కన, ఒత్తు కింద, మళ్లీ ద, థ, ధ మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఇవన్నీ సరిచూసుకునేలోపు చెప్పాలనుకున్న కథ కాస్తా మర్చిపోతారు.

అందుకే ముందు చెప్పనివ్వండి, ఫోన్‌లో రికార్డు చేసి, తర్వాత మీరే రాసిపెట్టండి. ‘వస్తా ఉండాడు’ అంటే అలాగే రాయండి, ‘వస్తున్నాడు’ అని దిద్దకండి, అది వాడి గొంతు. మర్నాడు అదే కథలో ఒక్క వాక్యం వాడిని రాయమనండి, మిగతాది మీరు రాయండి. బొమ్మలు ఇష్టమైతే కాగితాన్ని ఆరు గళ్లుగా మడిచి, గడికో బొమ్మ, కింద ఒక్కో మాట. పెద్ద పిల్లలైతే ఫోన్ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, తప్పులు పడతాయి కాబట్టి పక్కన కూర్చోండి.

‘నాకు నచ్చిన పండుగ’ లాంటి పెద్ద టాపిక్కులు ఇస్తే బిగుసుకుపోతారు. కపిలతీర్థంలో నీళ్లు పడేటప్పుడు పక్కనోళ్ల మాట వినపడిందా అని అడిగి చూడండి.

కథ రాసిన పేజీ మీద ఎర్ర పెన్ను పెట్టొద్దు, దయచేసి. ఇంపోజిషన్ అసలు వద్దు. ఒక వారం సున్నా ఒక్కటే పట్టుకోండి, అదీ వేరే నోట్సులో, వాడి కథలోని మాటలతోనే: గంగమ్మ, కుంకుమ, పొంగలి.

బడిలో టీచర్‌తో కూడా మాట్లాడండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి అభ్యసన ఇబ్బందులు కూడా ఉన్నాయి, సర్టిఫికెట్ ఉంటే పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి సాయం అడగొచ్చు. టెన్త్ దాకా ఆగకండి, డిస్లెక్సియా ఉందేమో ముందే పరీక్ష చేయించండి.

ఆ బాబు కథ పన్నెండు వాక్యాలైంది, ఎనిమిది నేను రాశా, నాలుగు వాడు. వాళ్ల అవ్వకు వేలు పెట్టి మెల్లగా చదివి వినిపించాడు, కాళ్ల మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం పేజీ వైపు చూడనే లేదు.