జీబ్రా చేపతో శాస్త్రీయ నామాలు చదవడం నేర్చుకోండి

అక్వేరియం షాపుల్లో జీబ్రా అని ఇస్తారే, ఒంటినిండా నీలం చారలు, వేలెడంత కూడా ఉండదు కానీ ట్యాంకంతా ఒకటే పరుగు, ఆ చేప శాస్త్రీయ నామం డానియో రేరియో. దీన్ని బట్టీ పట్టకండి. చదవడం వస్తే చాలు, మిగతా చేపలకూ అదే పద్ధతి.

మనకిది తేలికే. మనం ఇంటిపేరు ముందు రాసి అసలు పేరు తర్వాత రాస్తాం కదా, ఇక్కడా అంతే. డానియో ఇంటిపేరు, అంటే ప్రజాతి. రేరియో జాతి. ఇంగ్లిష్ లిపిలో రాసేటప్పుడు మొదటి మాటకి మాత్రమే పెద్దక్షరం పెట్టాలి, రెండూ వాలు అక్షరాల్లో ఉండాలి. రెండో మాటకీ పెద్దక్షరం పెట్టేసేవాళ్ళు బోలెడుమంది, అది తప్పు.

ఆ తర్వాత (హామిల్టన్, 1822) అని కనిపిస్తుంది. అందరూ వదిలేసేది ఇదే, నాకు బాగా ఇష్టమైనదీ ఇదే. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లాండ్ డాక్టర్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో ఉండగా గంగ, దాని ఉపనదుల చేపల గురించి సేకరించి 1822లో పుస్తకం వేశాడు, కోసి నదిలో దొరికిన ఈ చేపకి సిప్రినస్ రేరియో అని పేరు పెట్టాడు. తర్వాతివాళ్ళు ఇంటిపేరు మార్చారు. బ్రాకెట్లు చెప్పేది ఆ సంగతే: పేరు పెట్టింది ఈయనే, ఇంటిపేరు మాత్రం అప్పటిది కాదు. బ్రాకెట్లు లేకపోతే మారలేదని అర్థం. కైకలూరు చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె పేర్లు చూడండి, వాటి పక్కనా ఇదే హామిల్టన్, ఇదే 1822, అవే బ్రాకెట్లు.

వర్గీకరణలో ప్రజాతికి పైనుండే మెట్లకి చివరి అక్షరాలు చూస్తే సరిపోతుంది. 'ఇడే' అని ముగిస్తే కుటుంబం, చేపల్లో 'ఫార్మిస్' అని ముగిస్తే క్రమం. మన జీబ్రా డానియోనిడే కుటుంబం, సిప్రినిఫార్మిస్ క్రమం. పాత పుస్తకంలో సిప్రినిడే అని ఉంటే టెన్షన్ పడకండి, ఆ పెద్ద కుటుంబాన్ని ఈమధ్య విడగొట్టారు, అంతే. పాత పుస్తకాల్లో బ్రాకిడానియో రేరియో అని కనిపించినా ఇదే చేప.

ఇక ట్యాంకు దగ్గర గుర్తుపట్టడం. చారలు అడ్డంగా ఒంటి పొడవునా సాగి తోక రెక్క మీదికి కూడా వెళ్ళాలి, పొట్ట వెనక, తోకకి ముందు కింది వైపు ఉండే రెక్క మీద కూడా చారలు ఉండాలి. పరీక్షగా చూస్తే నోటి దగ్గర రెండు జతల చిన్న మీసాలు కనిపిస్తాయి. మగది సన్నగా, కాస్త పసుపు ఛాయలో ఉంటుంది, ఆడదానికి పొట్ట గుండ్రంగా ఉంటుంది.

చారల బదులు చుక్కలుంటే? దాన్ని లెపర్డ్ డానియో అంటారు. నేనైతే వేరే జాతి అని చాలాకాలం వాదించాను. నన్నే అనడం దేనికి, 1963లో శాస్త్రవేత్తలే దానికి విడిగా బ్రాకిడానియో ఫ్రాంకీ అని పేరు పెట్టారు. తీరా చూస్తే అది జన్యువులో మార్పు వచ్చిన జీబ్రానే. జన్యువులు మార్చి నీలి లైటు కింద మెరిసేలా చేసి అమ్మే రంగుల జీబ్రాలదీ ఇదే జాతి. కాబట్టి లేబుల్ మీద డానియో రేరియో అనే రాయండి, వేరే జాతి అని చెప్పి షాపులో రేటు పెంచితే మాత్రం ఒప్పుకోకండి.