ఆఫీసు షేర్డ్ డ్రైవ్‌కి పర్మిషన్లు ఇలా పెట్టండి

ద్వారకానగర్‌లోని మా అకౌంట్స్ ఆఫీసులో క్లయింట్ల పాన్, బ్యాంకు వివరాలన్నీ ఒకే కంప్యూటర్ డి డ్రైవ్‌లో ఉంటాయి. ఎవరికి ఏది కనిపించాలో నేనే దగ్గరుండి చూస్తాను.

విండోస్‌లో డ్రైవ్ మొత్తాన్ని షేర్ చేయకండి, ఫోల్డర్ చాలు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి వరుసగా ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్, పర్మిషన్స్‌కి వెళ్లండి. అక్కడ ఎవ్రీవన్ తీసేసి స్టాఫ్ గ్రూపుకి ఛేంజ్ ఇవ్వండి.

అసలు పని అదే ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్‌లో. నెట్‌వర్క్ మీద వచ్చేవాళ్లకి ఈ రెండు చోట్లలో ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది. ఆ కంప్యూటర్ ముందే కూర్చున్నవాళ్లకి సెక్యూరిటీ ట్యాబ్ ఒక్కటే అడ్డు! అందుకే ముందు అడ్వాన్స్‌డ్‌లో ఇన్‌హెరిటెన్స్ (పై ఫోల్డర్ నుంచి పర్మిషన్లు వాటంతటవే రావడం) ఆపి, పాత పర్మిషన్లను కన్వర్ట్ చేసి (ఈ ఫోల్డర్ సొంతవిగా మార్చి), యూజర్స్, ఆథెంటికేటెడ్ యూజర్స్ రెండూ తీసేయండి. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్ జోలికి వెళ్లొద్దు. తర్వాత మా జీఎస్టీ ఫోల్డర్‌లో లాగా సీనియర్లకి మాడిఫై, ట్రైనీలకి రీడ్ ఇవ్వండి. ఫుల్ కంట్రోల్ ఉన్నవాళ్లు పర్మిషన్లనే మార్చేయగలరు, కాబట్టి ఎంత నమ్మకస్తులకైనా వద్దు. డినై (కుదరదని అడ్డుకునే టిక్) కూడా వాడకండి, రెండు గ్రూపుల్లో ఉన్నవాళ్లు అనవసరంగా ఇరుక్కుపోతారు.

డ్రైవ్ ఫార్మాట్ కూడా చూసుకోండి: ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లో సెక్యూరిటీ ట్యాబే ఉండదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ కావాలి.

చివరగా ట్రైనీ లాగిన్‌తో వెళ్లి ఒక ఉత్తుత్తి ఫైల్ డిలీట్ చేసి చూడండి. కుదరకూడదు.